బట్టీకి లొంగని లినక్స్ పరీక్ష!

* చేసి చూపితేనే మార్కులు.. రీబూట్ తర్వాతా నిలిస్తేనే ఉత్తీర్ణత
* 'డంపు'లను నమ్ముకుంటే డబ్బూ, కాలమూ వృథా
* ఇంట్లోని కంప్యూటరే ప్రయోగశాల కావాలి

హైదరాబాద్: ఇంజినీరింగ్ పట్టా చేతికి రాగానే జిల్లాల నుంచి బస్సెక్కి అమీర్‌పేటలో దిగే యువతీయువకులకు ఏనాడూ కొదవ లేదు. మైత్రీవనం పరిసరాల్లో ఎటు చూసినా శిక్షణ కోర్సుల ప్రకటనలే. జావా, పైథాన్, క్లౌడ్, డెవాప్స్ వంటి పేర్ల నడుమ ఏళ్ల తరబడి చెరగకుండా నిలిచిన పేరు లినక్స్ అడ్మినిస్ట్రేషన్. ఈ రంగంలో తొలి మెట్టుగా గుర్తింపు పొందిన రెడ్ హ్యాట్ సంస్థ ధ్రువపత్రంపై ఎందరో ఆశలు పెట్టుకుంటున్నారు. అయితే పదో తరగతి నుంచి బీటెక్ వరకు అక్కరకు వచ్చిన చదువు పద్ధతి ఈ ఒక్క పరీక్ష వద్ద ఎదురు తిరుగుతోంది. గైడు, ముఖ్యమైన ప్రశ్నలు, బిట్ బ్యాంకు, చివరి రాత్రి పునశ్చరణ.. ఇవేవీ ఇక్కడ పనిచేయవు. ఆ సంగతి గ్రహించకుండా సన్నద్ధమైతే తల్లిదండ్రులు పోగుచేసి ఇచ్చిన సొమ్ము ఫీజుల రూపంలో హరించుకుపోవడమే మిగులుతుంది.

గిరాకీ వెనుక కారణం

ఫిన్లాండ్‌లో విద్యార్థిగా ఉండగా లైనస్ టోర్వాల్డ్స్ 1991లో విడుదల చేసిన లినక్స్ నేడు కంటికి కనిపించకుండానే నిత్యజీవితంలో భాగమైంది. ఆండ్రాయిడ్ ఫోన్లకు ఆధారం అదే. ప్రపంచంలోని తొలి 500 సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నవంబరు జాబితా నుంచి లినక్స్‌పైనే నడుస్తున్నాయి. వెబ్‌సైట్లు, చెల్లింపుల వ్యవస్థలు, క్లౌడ్ సేవల వెనుక ఉండే సర్వర్లలో అత్యధిక భాగం దానివే. ఈ సర్వర్లను అహోరాత్రాలు కాపాడేవారే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లు. ఇళ్లలో కుళాయి తిప్పేవారికి పంపుహౌస్ సిబ్బంది కనిపించనట్లే వీరూ ఎవరికీ కనిపించరు. నీరు ఆగినప్పుడే అందరికీ గుర్తుకొస్తారు.

మరోవైపు కొలువుల మార్కెట్ బిగుసుకుంది. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో.. ఈ మూడింటిలో కలిపి ఉద్యోగుల సంఖ్య 60 వేలకు పైగా తగ్గింది. ప్రాంగణ నియామకాలను నమ్ముకున్న జిల్లా కళాశాలల విద్యార్థులకు ఇది గట్టి దెబ్బ. పట్టాతో పాటు చేతిలో మరో ఆధారం ఉండాలన్న ఆలోచన బలపడింది. ఆలోచన సరైనదే. చిక్కంతా ఆ ఆధారాన్ని సంపాదించే మార్గం వద్దే వస్తోంది.

ప్రశ్నలుండవు.. పనులే!

రెడ్ హ్యాట్ తన ఇంజినీరు స్థాయి పరీక్ష ఆర్‌హెచ్‌సీఈని 1999లో ప్రారంభించింది. ప్రవేశ స్థాయిలో ఉన్న ఆర్‌హెచ్‌సీటీ స్థానంలో 2010లో ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ వచ్చింది. ఇప్పుడు జిల్లాల విద్యార్థులు ముందుగా రాస్తున్నది దీన్నే. 'రాస్తున్నది' అనడం కూడా సరికాదు. ఇందులో నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్న ఒక్కటీ ఉండదు. అభ్యర్థి ముందు పనిచేసే లినక్స్ యంత్రాలు ఉంచుతారు. చేయవలసిన పనుల జాబితా ఇస్తారు. వ్యవధి 3 గంటలు, మొత్తం మార్కులు 300, ఉత్తీర్ణతకు 210 రావాలి. ఇంటర్నెట్, పుస్తకాలు, సొంత నోట్సు.. ఏవీ అనుమతించరు. యంత్రంలోనే ఉండే సహాయ పుటలు, అంటే 'మ్యాన్ పేజీలు' మాత్రం చూసుకోవచ్చు.

వినియోగదారుల ఖాతాలు సృష్టించడం, ఫైళ్లకు అనుమతులు నిర్ణయించడం, డిస్కును విభజించి అవసరమైనప్పుడు నిల్వ స్థలాన్ని పెంచడం, నెట్‌వర్క్ అమర్చడం, నిర్ణీత వేళకు పనులు వాటంతటవే జరిగేలా చూడడం, చిన్నపాటి షెల్ స్క్రిప్టు రాయడం, ఫైర్‌వాల్, ఎస్‌ఈ లినక్స్ వంటి భద్రతా కవచాలను సరిదిద్దడం ఈ పాఠ్యప్రణాళికలోని ప్రధానాంశాలు. పాస్‌వర్డ్ తెలియని యంత్రాన్ని ప్రారంభ దశలోనే ఆపి, లోనికి ప్రవేశించే నేర్పు కూడా అందులో ఉంది. ఇవన్నీ విడివిడిగా చూస్తే తేలికే. మూడు గంటల గడువులో, తోడు లేకుండా, ఒకదాని తప్పు మరొకదానిపై పడకుండా చేయడమే కష్టం.

అన్ని లినక్స్ పరీక్షలూ ఇదే తీరులో ఉండవు. ఎల్‌పీఐ సంస్థ ఇచ్చే ఎల్‌పీఐసీ-1కు రెండు పరీక్షలు రాయాలి. ఒక్కోదానిలో 90 నిమిషాల్లో 60 ప్రశ్నలు ఉంటాయి. అక్కడ జ్ఞాపకశక్తికి కొంత చోటుంది. లినక్స్ ఫౌండేషన్ 2014లో ప్రవేశపెట్టిన ఎల్‌ఎఫ్‌సీఎస్ మాత్రం రెండు గంటల ప్రయోగ పరీక్ష. ఏది ఎంచుకున్నా దాని స్వభావాన్ని ముందే తెలుసుకోవడం తొలి కర్తవ్యం.

రీబూటే అసలు పరీక్షాధికారి

ఈ పరీక్ష నియమాల్లో అన్నింటికన్నా కీలకమైనది ఒకటుంది. అభ్యర్థి చేసిన అమరికలన్నీ యంత్రాన్ని రీబూట్ చేసిన తర్వాత కూడా, ఎవరి ప్రమేయమూ లేకుండా, యథాతథంగా పనిచేయాలి. మూల్యాంకనం ఆ తర్వాతి స్థితిని బట్టే జరుగుతుంది. ఎలా చేశారన్నది కాదు, చివరకు ఏం నిలిచిందన్నదే ముఖ్యం. బాగా చేశామన్న ధీమాతో బయటకు వచ్చినవారు ఫలితం చూసి నివ్వెరపోవడానికి తరచూ కారణమయ్యేది ఇదే.

లినక్స్‌లో చాలా పనులకు రెండు రూపాలుంటాయి. ఒకటి 'ఇప్పటికి', రెండోది 'ఎప్పటికీ'. ఒక సేవను 'స్టార్ట్' చేస్తే అది అప్పటికప్పుడు నడుస్తుంది. యంత్రం మళ్లీ లేచినప్పుడు తానుగా నడవాలంటే 'ఎనేబుల్' కూడా చేయాలి. ఫైర్‌వాల్‌లో ఇచ్చిన అనుమతికి 'పర్మనెంట్' అన్న మాట జోడించకపోతే రీబూట్‌తో అది తుడిచిపెట్టుకుపోతుంది. అదే మాట జోడించి, ఆపై 'రీలోడ్' చేయకపోతే అప్పటికి అమలులోకి రాదు. డిస్కు విభాగాన్ని 'మౌంట్' చేస్తే ఆ పూటకే. శాశ్వతంగా ఉండాలంటే 'ఎఫ్‌ఎస్‌ట్యాబ్' ఫైలులో నమోదు చేయాలి.

ఈ ఎఫ్‌ఎస్‌ట్యాబ్ దగ్గరే పెను ప్రమాదం పొంచి ఉంది. అందులో ఒక్క అక్షరం తప్పినా యంత్రం మామూలుగా లేవక అత్యవసర స్థితిలో ఆగిపోయే అవకాశం ఉంది. అప్పుడు ఆ యంత్రంలో సరిగ్గా చేసిన మిగతా పనులకూ మార్కులు దక్కే దారి మూసుకుపోతుంది. నివారణ చిన్నదే. ఫైలు భద్రపరిచిన వెంటనే 'మౌంట్ -ఏ' ఆదేశం ఇస్తే తప్పు చాలావరకు అక్కడికక్కడే బయటపడుతుంది. ఆ తర్వాత గడువు ముగిసేలోగా అభ్యర్థే స్వయంగా రీబూట్ చేసి, ప్రతి పనినీ మరోమారు సరిచూసుకోవాలి. ఇందుకోసం చివరి 20 నిమిషాలైనా మిగుల్చుకోవడం శ్రేయస్కరం.

ఇది అభ్యర్థులను వేధించడానికి పెట్టిన నియమం కాదు. అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు ఆసుపత్రి సర్వర్ తిరిగి లేచి, అందులోని సేవలన్నీ తమంతట తాము మొదలు కాకపోతే తెల్లవారాక ఓపీ కౌంటరు ముందు వరుస కదలదు. ఆ వేళ పక్కన గైడు ఉండదు. ఉద్యోగంలో ఎదురయ్యే ఈ అవసరమే పరీక్షలో నియమంగా మారింది.

ఒక్క తలుపు.. మూడు తాళాలు

బట్టీ ఎందుకు పనిచేయదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. వెబ్ సర్వర్‌ను మామూలుగా ఉండే పోర్టులో కాకుండా మరో నంబరు పోర్టులో నడపాలనుకుందాం. మొదట వెబ్ సర్వర్ అమరికల ఫైలులో ఆ నంబరు రాయాలి. రాసి సేవను ప్రారంభిస్తే అది మొరాయించవచ్చు. కారణం, ఆ పోర్టును వాడుకునే హక్కు వెబ్ సర్వర్‌కు ఉందని ఎస్‌ఈ లినక్స్‌కు తెలియదు. అక్కడ నమోదు చేస్తే సేవ నడుస్తుంది కానీ పక్క యంత్రం నుంచి చూస్తే పేజీ రాదు. ఈసారి అడ్డుపడింది ఫైర్‌వాల్. అక్కడా అనుమతిస్తే గానీ పని పూర్తి కాదు.

ఆదేశాలను వరుసగా కంఠస్థం చేసినవారు రెండో తాళం వద్దే ఆగిపోతారు. వాటికేం అర్థమో తెలిసినవారు లాగ్ ఫైలు తెరిచి, ఎక్కడ తిరస్కరణ ఎదురైందో చదివి, మార్గం వెతుక్కుంటారు. విసుగెత్తి ఎస్‌ఈ లినక్స్‌నే ఆపివేయడం కొందరికి అలవాటు. సాధనలో ఆ దారి తొక్కినవారికి అసలు విద్య అబ్బదు. కార్యాలయంలో అదే పని చేస్తే భద్రతకు గండి కొట్టినట్లే.

'డంపు'ల మాయ

పాత ప్రశ్నలు, జవాబులంటూ చేతులు మారే పీడీఎఫ్‌లనే విద్యార్థుల పరిభాషలో 'డంపులు' అంటారు. వీటిని చదివితే చాలన్న అపోహ బలంగా ఉంది. ఇందులో మొదటి చిక్కు నియమాలది. పరీక్షాంశాలను బయటపెట్టబోమని ప్రతి అభ్యర్థీ అంగీకారం తెలుపుతారు. ఉల్లంఘిస్తే ధ్రువపత్రమే రద్దు కావచ్చు.

రెండో చిక్కు మరింత ఆచరణాత్మకమైనది. డంపులోని జవాబు ఒక నిర్దిష్ట యంత్రానికి మాత్రమే సరిపోతుంది. సాధన చేసిన చోట రెండో డిస్కు పేరు 'ఎస్‌డీబీ' అయితే పరీక్షలో అది 'వీడీబీ' కావచ్చు. పేరు చూసుకోకుండా గుర్తున్న ఆదేశం కొట్టేవారికి పని జరగదు. అడిగిన పరిమాణం మారినా, ఇప్పటికే ఒక విభాగం ఉన్నా కంఠస్థం చేసిన వరుస చెదిరిపోతుంది.

మూడోది కాలదోషం. 2014లో వచ్చిన 7వ వెర్షన్‌తోనే సేవలను నడిపే పద్ధతి మారిపోయింది. 2019లో 8వ వెర్షన్, 2022లో 9వ వెర్షన్, 2025 మేలో 10వ వెర్షన్ వచ్చాయి. ఆర్‌హెచ్‌సీఈ పరీక్ష 8వ వెర్షన్ నుంచి పూర్తిగా స్వరూపం మార్చుకుంది. ఒక్కో సర్వర్‌ను చేతితో సరిదిద్దడానికి బదులు యాన్సిబుల్ అనే సాధనంతో అనేక సర్వర్లను ఒకేసారి నడిపించడం ఇప్పుడు దాని సారాంశం. చాలామంది సాధనకు వాడుకున్న సెంటాస్ లినక్స్‌లో చివరి వరకు మద్దతు కొనసాగిన 7వ వెర్షన్‌కు కూడా 2024 జూన్ 30తో కాలం చెల్లింది. పదేళ్ల నాటి నోట్సు జిరాక్సులతో కుస్తీ పట్టేవారు ఈ మార్పులను గమనించాలి.

కృత్రిమ మేధను అడిగితే ఆదేశాలు క్షణాల్లో వస్తున్న రోజులివి. నేర్చుకునేటప్పుడు సందేహ నివృత్తికి అది ఉపకరిస్తుంది. ప్రతి అడుగుకూ దానిమీదే ఆధారపడితే పరీక్షలో చేతులు కట్టేసినట్లవుతుంది. అక్కడ అండగా ఉండేవి మ్యాన్ పేజీలే. వాటిని చదవడం కూడా ఒక సాధనే.

ఖర్చు లేని ప్రయోగశాల

ఈ పరీక్షలో జిల్లా విద్యార్థికి అనుకూలించే అంశమూ ఉంది. సాధనకు కావలసిన సామగ్రి దాదాపు ఉచితం. 2021 నుంచి రెడ్ హ్యాట్ వ్యక్తిగత డెవలపర్ ఖాతా ద్వారా 16 యంత్రాల వరకు తన లినక్స్‌ను రుసుము లేకుండా వాడుకోనిస్తోంది. అదే ఏడాది వచ్చిన రాకీ లినక్స్, ఆల్మా లినక్స్ కూడా ఉచితమే, పనితీరు దాదాపు ఒకటే. వర్చువల్‌బాక్స్ వంటి సాఫ్ట్‌వేర్‌తో 8 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్‌లోనే రెండు సర్వర్లు నడుపుకోవచ్చు.

పాత ల్యాప్‌టాప్ కొనేవారు ఒక జాగ్రత్త పాటించాలి. 10వ వెర్షన్ పాత ప్రాసెసర్లపై నడవదు. ఇంటెల్‌లో 2013లో వచ్చిన నాలుగో తరం కోర్ శ్రేణి, ఆ తర్వాతివి అయి ఉండాలి. తర్వాతి కాలపు సెలెరాన్, పెంటియంలలోనూ కొన్ని పనికిరావు. ఆల్మా లినక్స్ మాత్రం పాత ప్రాసెసర్ల కోసం ప్రత్యేక కూర్పు ఇస్తోంది. ఆంగ్లంతో ఇబ్బంది పడేవారికి ఐఐటీ బొంబాయి చేపట్టిన స్పోకెన్ ట్యుటోరియల్ పథకంలో లినక్స్ ప్రాథమిక పాఠాలు తెలుగులోనూ ఉన్నాయి.

సాధన ఎలా సాగాలి?

రోజుకు రెండు గంటల చొప్పున మూడు, నాలుగు నెలలు కేటాయించగలిగితే కొత్తవారికీ ఈ పరీక్ష అందని పండు కాదు. తొలి నెల ఆదేశాలు, ఫైళ్లు, అనుమతులు, 'విమ్' ఎడిటర్‌పై చేయి తిరగాలి. రెండో నెల డిస్కులు, నెట్‌వర్క్, సేవలపై దృష్టి పెట్టాలి. మూడో నెల భద్రతాంశాలు, స్క్రిప్టులు పూర్తి చేయాలి. మిగిలిన కాలమంతా గడియారం ముందు పెట్టుకుని చేసే నమూనా పరీక్షలకే.

ఇందులో చాలామంది విస్మరించే పని ఒకటుంది. యంత్రాన్ని కావాలనే చెడగొట్టి బాగుచేయాలి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో తప్పు రాసి రీబూట్ చేయాలి. పాస్‌వర్డ్ మరిచిపోయినట్లు భావించి లోనికి వెళ్లాలి. స్నేహితుడు చెడగొట్టిన యంత్రాన్ని సరిచేయాలి. వర్చువల్ యంత్రం కాబట్టి నష్టం లేదు. పది మార్లు పడి లేచినవారికి పరీక్షలో పదకొండో మారు కంగారు ఉండదు. అధికారిక వెబ్‌సైట్‌లోని పాఠ్యప్రణాళికను అచ్చు వేసుకుని, ఒక్కో అంశాన్నీ మ్యాన్ పేజీల తోడు తప్ప మరే సాయం లేకుండా చేయగలిగినప్పుడే టిక్కు పెట్టుకోవడం మేలు.

2020 నుంచి ఇంటి వద్దే పరీక్ష రాసే వీలు కలిగింది. ప్రయాణం, బస ఖర్చులు మిగులుతాయి. సంస్థ సూచించిన సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, కంప్యూటర్‌ను దానితోనే ప్రారంభించాలి. విడిగా అమర్చే వెబ్‌క్యామ్, నిలకడైన ఇంటర్నెట్, ఏకాంతమైన గది తప్పనిసరి. తరచూ కరెంటు పోయే చోట ఉండేవారు పరీక్ష కేంద్రాన్ని ఎంచుకోవడమే క్షేమం. పెన్‌డ్రైవ్‌తో తమ కంప్యూటర్ లేస్తుందో లేదో కొన్ని రోజుల ముందే సరిచూసుకోవాలి.

చేరేముందు అడగాల్సినవి

* శిక్షణ ఏ వెర్షన్‌పై? పరీక్ష ఏ వెర్షన్‌పై?
* ఒక్కో విద్యార్థికి విడిగా యంత్రం ఇస్తారా? రోజుకు ఎన్ని గంటలు?
* చెప్పిన ఫీజులో పరీక్ష రుసుము కలిసి ఉందా?
* తప్పితే మళ్లీ రాసే ఖర్చు ఎవరిది?
* 'ఉత్తీర్ణత గ్యారంటీ' అంటే దాని అర్థమేమిటి?

చివరి ప్రశ్నకు జవాబు డంపుల వైపు దారితీస్తే అక్కడి నుంచి లేచి రావడమే ఉత్తమం.

పత్రంతోనే పని పూర్తికాదు

ధ్రువపత్రం కొలువుకు హామీ కాదు. ఇంటర్వ్యూ గడప దాటించే గుర్తింపు మాత్రమే. ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ గుర్తింపు మూడేళ్లకే పరిమితం. ఆ లోగా మళ్లీ ఈ పరీక్షో, పై స్థాయి పరీక్షో నెగ్గాలి. సంస్థలు క్లౌడ్, ఆటోమేషన్ వైపు మళ్లడంతో ఒక్క సర్వర్‌ను చూసుకునే ఉద్యోగాలు తగ్గుతున్నాయి, వందల సర్వర్లను స్క్రిప్టులతో నడిపే పని పెరుగుతోంది. అయినా పునాది మారలేదు. ఒక్క యంత్రం ఎందుకు ఆగిందో తెలియనివారు వంద యంత్రాలను నడపలేరు. డంపులతో గట్టెక్కినవారి లోటు ఇంటర్వ్యూలో మొదటి ప్రయోగ ప్రశ్నకే బయటపడుతుంది. అక్కడా తప్పించుకుంటే ఉద్యోగంలో తొలి రాత్రి విధుల్లో తేటతెల్లమవుతుంది.

కళాశాలలు మేల్కోవాలి

లోపమంతా విద్యార్థులదే అనడం అన్యాయం. ఇంజినీరింగ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ప్రయోగశాల ఉంది. కానీ అక్కడ ఎక్కువగా సాగేది షెడ్యూలింగ్ పద్ధతులను సీ భాషలో ప్రోగ్రాములుగా రాయడమే. రికార్డు పుస్తకం నిండుతుంది, చెడిపోయిన సర్వర్‌ను లేపడం మాత్రం రాదు. సిద్ధాంతం అవసరమే. దానికి తోడు వారానికి ఒక్క తరగతిలోనైనా విద్యార్థి చేతికి పూర్తి అధికారంతో ఒక వర్చువల్ యంత్రం ఇచ్చి, చెడగొట్టి బాగుచేయనిస్తే అమీర్‌పేట ప్రయాణం చాలామందికి తప్పుతుంది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు 2000ల దశకం నుంచే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తరగతి గదిలోకి తెచ్చాయి. తెలుగు నేలపైనా 'స్వేచ్ఛ' వంటి సంస్థలు ఆ భావనను కళాశాలలకు చేరవేస్తూ వచ్చాయి. ఏపీలోని నైపుణ్యాభివృద్ధి సంస్థ, తెలంగాణలోని 'టాస్క్' పాత ప్రయోగశాలల్లో సాయంత్రం వేళ సాధనకు వీలు కల్పించినా జిల్లా యువతకు ఎంతో మేలు చేసినవారవుతారు. కొత్త భవనాలు అక్కర్లేదు. ఉన్న గదుల తాళాలు తీస్తే చాలు.

లినక్స్ పరీక్ష అడుగుతున్నది ఒక్కటే. నేర్చుకున్నది రీబూట్ తర్వాతా నిలవాలి. శిక్షణకు డబ్బు కట్టే కుటుంబాలు, పాఠం చెప్పే సంస్థలు ఇదే గీటురాయిని ముందు పెట్టుకుంటే ధ్రువపత్రానికి విలువ, దాన్ని సాధించినవారికి కొలువు దక్కే అవకాశం పెరుగుతాయి.